ఎయిర్ గన్ పెల్లెట్ ఎంత దూరం పోతుంది? చేలో పేల్చేముందు ఇవి చూసుకోండి

కావలి, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద నీటికాకులను బెదిరించడానికో, ఇంటి వెనక గురి నేర్చుకోవడానికో ఎయిర్ గన్ కొన్నవాళ్లు ముందు అడిగేది ఒకటే, ఇది ఎంత దూరం కొడుతుంది అని. అమ్మేవాళ్లు 30, 40 మీటర్లు అంటారు. అది గురి తగిలే దూరం. పెల్లెట్ (చిన్న సీసపు గుండు) నేల మీద పడి ఆగే దూరం వేరే, ఆ రెండింటినీ కలిపేసుకోవడమే నాకు భయం.

మామూలు 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ బరువు అర గ్రాముకు కాస్త ఎక్కువ. బ్యారెల్ దాటేటప్పుడు సెకనుకు 200 మీటర్ల వేగం ఉందనుకుందాం. గాలే లేకపోతే 45 డిగ్రీల కోణంలో అది 4 కిలోమీటర్లు పోవాలి, నిజంగా పోయేది 300 నుంచి 400 మీటర్లు. మిగతాదంతా గాలి మింగేస్తుంది. బరువు తక్కువ, పైగా ఆకారం షటిల్ కాక్ లాంటిది: ముందు తల బరువు, నడుము సన్నం, వెనక బోలుగా విచ్చుకున్న అంచు. ఆ అంచు గాలిని పట్టుకుని పెల్లెట్ తల ముందుకే ఉండేలా చూస్తుంది, కానీ వేగాన్ని కూడా లాగేస్తుంది. 50 మీటర్లు పోయేసరికి 200 కాస్తా 160 దగ్గరికి దిగుతుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీకి వాడే చదును తల పెల్లెట్ కాగితానికి గుండ్రటి శుభ్రమైన రంధ్రం పెడుతుంది గానీ దూరానికి పనికిరాదు, దూరానికి గుండ్రటి తలదే మేలు.

ఇప్పుడు లెక్క. భుజం ఎత్తులో, అంటే మీటరున్నర ఎత్తులో, నేలకు సమాంతరంగా పేలిస్తే 80, 90 మీటర్లలో నేలను తాకుతుంది. అదే తీగ మీద పిట్టను చూసి తుపాకి పైకెత్తారా, అప్పుడే ఎక్కువ దూరం పోతుంది, 30 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. పక్క గుంట గట్టు మీద మేత చల్లే మనిషి మీకు కనిపించకపోవచ్చు, పెల్లెట్ మాత్రం అక్కడి దాకా చేరుతుంది. వేగం తగ్గినా కన్ను పోగొట్టే శక్తి దానికి ఉంటుంది. అందుకే వెనకాల ఆకాశం తప్ప ఇంకేమీ లేని దేన్నీ గురి చూడకండి. నీళ్ల మీదకీ వద్దు, వాలుగా తగిలితే ఎగిరి ఎటో పోతుంది. బెదిరించడానికి టపాసులు, మెరిసే రిబ్బన్లు చాలు, పక్షులను కాల్చడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది.

మీ తుపాకి సంగతి తెలుసుకోవాలంటే: మొదట గురి పెట్టే అట్టకు వెనకాల అడ్డు పెట్టండి. ఇసుక బస్తాలు మనిషి ఎత్తు పేర్చండి, లేదా ఎత్తైన మట్టి గట్టు. చీమకుర్తి రాయి పలకలు, తాటి మొద్దు, రేకు వద్దే వద్దు, పెల్లెట్ వెనక్కి వచ్చి మీ ముఖానికే తగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. తర్వాత 10, 20, 30 మీటర్లలో పెద్ద అట్ట పెట్టి, గురి గుర్తు మార్చకుండా ఒక్కోచోట అయిదేసి పేల్చి, రంధ్రాలు ఎంత కిందికి జారాయో స్కేలుతో కొలిచి రాసుకోండి. బ్యారెల్ సరిగ్గా సమాంతరంగా ఉంటే 10 మీటర్లకు సెంటీమీటరు కన్నా కాస్త ఎక్కువ జారేది, 50 మీటర్లకు 35 నుంచి 40 సెంటీమీటర్లు జారుతుంది. స్కోప్ (గురి చూసే దుర్బిణి) సర్దుబాటు వల్ల బ్యారెల్ కొద్దిగా పైకే ఉంటుంది కాబట్టి మీ అంకెలు వేరుగా వస్తాయి, ఫర్వాలేదు.

ఈ కొలతలు పొద్దున్నే చేసుకోండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే గంటకు 15 కిలోమీటర్ల అడ్డగాలి చాలు, 50 మీటర్లలో దాదాపు 12 సెంటీమీటర్లు పక్కకు నెట్టేస్తుంది. ఇంకో సంగతి, ఒంగోలు మే ఎండలో 45 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలికన్నా 8 శాతం పలచన, కాబట్టి చలికాలం కన్నా కొంచెం దూరం ఎక్కువే పోతుంది.

బ్యారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు దాటినా, పెల్లెట్ శక్తి 20 జౌల్స్ మించినా లైసెన్సు కావాలి, కొనేటప్పుడే ఇది అడగండి. పెల్లెట్లు సీసం, పని అయ్యాక ఏరి డబ్బాలో వేసుకోండి, గుంటలో పడనివ్వకండి, అన్నం తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.