రాజమండ్రి కాలేజీలో ఊరి సినిమా పండగ: పంచాంగం చూడటం నుంచి తాళాలు అప్పగించే దాకా

కాలేజీ ఫెస్టుకి వచ్చేవాళ్లు ఎలాగూ క్యాంపస్‌లోనే ఉంటారు. సినిమా పండగకి ఊళ్లోవాళ్లు రావాలంటే షాపు కట్టేసుకుని, పిల్లల్ని వెంటేసుకుని, ఆటో ఎక్కి రావాలి. అలా వచ్చినవాళ్లకి తెర సగం కనబడి, మాట సగం వినబడి, రాత్రి కొవ్వూరు వెళ్లే బస్సు తప్పిపోతే రెండోరోజు ఎవరూ రారు. సినిమాలు ఎంత గొప్పవైనా అంతే. కాబట్టి ఎంట్రీలు పిలిచే ముందు తేదీ, హాలు, కరెంటు తేల్చుకోండి. సినిమాలు వాటంతట అవే వస్తాయి.

రాజమండ్రికి సినిమా కొత్త కాదు. 1936లోనే నిడమర్తి సూరయ్య ఇక్కడ దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర పాత పాటల పుస్తకాలు, కరపత్రాలు, థియేటర్ టికెట్లు ఇప్పటికీ దొరుకుతాయి. అడిగి తెచ్చి, స్కాన్ చేసి, వరండాలో పెడితే పెద్దగా ఖర్చు లేకుండా మంచి ప్రదర్శన అవుతుంది. అసలు కాగితాలు గోడకి అంటించకండి, ప్రింట్లు పెట్టండి. ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో సంతకంతో రాసుకోండి.

తేదీ: ముందు పంచాంగం

చాలామంది మాఘమాసంలో పెట్టుకుని ఇరుక్కుంటారు. ఎండ ఉండదు, సంక్రాంతి అయిపోతుంది, అంతా బాగానే కనబడుతుంది. కానీ పెళ్లి ముహూర్తాలు ముమ్మరంగా ఉంటాయి. జనరేటరు, కుర్చీలు, సౌండ్ బాక్సులు, వీడియోవాళ్ల ప్రొజెక్టరు అన్నీ పెళ్లిళ్లకే పోతాయి. దొరికినా, ముహూర్తం రోజున మీ దగ్గరకి వచ్చేది ఆ షాపులో మిగిలిపోయిన సరుకే.

ధనుర్మాసంలో, అంటే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, పెళ్లిళ్లుండవు. డిసెంబరు మూడో వారాంతం అన్నిటికన్నా అనుకూలం. అద్దె బేరమాడొచ్చు, సామాను మంచిది దొరుకుతుంది. సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడిపోతుంది కాబట్టి ఆరుబయట షో ఆరున్నరకి మొదలెట్టొచ్చు. కాలేజీ సెమిస్టర్ పరీక్షలతో ఢీకొట్టకుండా మాత్రం చూసుకోవాలి. పరీక్షల విభాగంలో అడిగి, తేదీని ప్రిన్సిపాల్‌గారి చేత కాగితం మీద ఖాయం చేయించండి. నోటిమాట పనికిరాదు, ఆ హాల్లోనే ఏదో ఒక వర్క్‌షాపు వచ్చి పడుతుంది.

మొదటిసారి రెండు రోజులు చాలు. మూడు రోజులంటే వాలంటీర్లు రెండో రాత్రికే అలిసిపోతారు.

హాలు

టేపు పట్టుకుని వెళ్లండి. కొలవాల్సినవి: హాలు పొడవు, సీలింగ్ ఎత్తు, స్టేజీ ఎత్తు, ప్రొజెక్టరు పెట్టే చోటు నుంచి తెర దాకా దూరం.

రెండు వందల మంది పట్టే సెమినార్ హాలుకి 12 అడుగుల వెడల్పు తెర సరిపోతుంది. 16:9 నిష్పత్తిలో దాని ఎత్తు 6.75 అడుగులు. మొదటి వరస తెరకి కనీసం 12 అడుగుల దూరంలో ఉండాలి. వెనక వరస 48 అడుగులు దాటితే సబ్‌టైటిల్స్ చదవలేరు. నేల చదునుగా ఉన్న హాల్లో తెర కింది అంచు నేలకి 5 అడుగుల ఎత్తున ఉండాలి. లేకపోతే ముందువాళ్ల తలలు అడ్డొచ్చి మొదట పోయేది సబ్‌టైటిలే. 5కి 6.75 కలిపితే పన్నెండు అడుగులకి దగ్గర పడింది. సీలింగ్ అంత ఎత్తు లేకపోతే తెర తగ్గించండి తప్ప కిందికి దించకండి.

తెర మీద వెలుతురుకి ఒక చిన్న లెక్క ఉంది. సినిమా థియేటర్లో చదరపు అడుగుకి సుమారు 16 ల్యూమెన్లు (వెలుతురు కొలత) పడాలని ప్రమాణం. 12 అడుగుల తెర 81 చదరపు అడుగులు కాబట్టి 1,300 ల్యూమెన్లు చాలని కాగితం మీద వస్తుంది. ఆ లెక్క కటిక చీకటికి, కొత్త లాంపుకి. కాలేజీ హాల్లో వెంటిలేటర్ల నుంచి వెలుగొస్తుంది, అద్దె ప్రొజెక్టరు లాంపు సగం అరిగిపోయి ఉంటుంది. 4,000 ల్యూమెన్లకి తగ్గొద్దు. పగటి షోలుంటే వెంటిలేటర్లకి నల్లగుడ్డ మూడు రోజుల ముందే కొట్టించండి. షో రోజు పొద్దున నిచ్చెన దొరకదు.

ప్రొజెక్టరు త్రో నిష్పత్తి (తెర దాకా దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే 12 అడుగుల బొమ్మకి 18 అడుగుల దూరం కావాలి. అంటే అది జనం మధ్యలోకి వస్తుంది. అక్కడ రెండు కుర్చీలు తీసేసి, ఎత్తు బల్ల వేసి, చుట్టూ తాడు కట్టండి. ప్రొజెక్టరుని పక్కకి పెట్టి కీస్టోన్‌తో (వంకర బొమ్మని చదరంగా లాగే సెట్టింగు) సరిదిద్దుదామనుకోవద్దు, బొమ్మ మసకబారుతుంది.

ఎత్తయిన సీలింగ్, సున్నపు గోడలున్న పాత భవనాల్లో అసలు శత్రువు ప్రతిధ్వని. ఖాళీ హాల్లో ఒక్క చప్పట్టు కొట్టి వినండి. తోక ఒక సెకను పైన సాగితే సంభాషణలు అర్థం కావు. వెనక గోడకి, పక్క గోడలకి షామియానా గుడ్డలు మడతలు పడేలా వేలాడదీయండి, నేల మీద జంపఖానాలు పరవండి. స్పీకర్లు తెరకి రెండు వైపులా స్టాండ్ల మీద, కూర్చున్నవాళ్ల తలల కన్నా కాస్త ఎత్తులో, గోడల వైపు కాకుండా జనం వైపు తిప్పి పెట్టాలి. వాల్యూమ్ పెంచితే మాట స్పష్టమవుతుందనేది సౌండ్ బాక్సులవాళ్ల నమ్మకం. ప్రతిధ్వని హాల్లో పెంచేకొద్దీ ఇంకా చెడుతుంది.

అత్యవసర తలుపు మర్చిపోకండి. కాలేజీ హాళ్లలో వెనక తలుపుకి ఎప్పుడూ తాళం ఉంటుంది, చెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది, వాచ్‌మన్ టీకి వెళ్లి ఉంటాడు. షో జరిగినంతసేపూ రెండు తలుపులూ తాళాల్లేకుండా ఉండాలి. ఒక్కో తలుపు దగ్గర ఒక వాలంటీరు ఉండాలి.

కరెంటు, కేబుళ్లు

ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్, మిక్సర్ ఈ మూడూ యూపీఎస్ మీద నడవాలి. ప్రొజెక్టరు 350 వాట్లు అనుకుంటే 1.5 కేవీఏ యూపీఎస్ సరిపోతుంది. కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు సినిమా ఆగదన్నది ఒక లాభం. లాంపు ప్రొజెక్టరు ఒక్కసారిగా ఆరిపోతే ఫ్యాను ఆగి, వేడికి లాంపు దెబ్బతింటుంది. మళ్లీ వెలిగించాలన్నా చల్లారేదాకా ఆగాలి. ఆ పది నిమిషాల్లో సగం హాలు లేచిపోతుంది.

మామూలు హెచ్‌డీఎంఐ తీగ 15 మీటర్లు దాటితే బొమ్మ మెరుస్తూ పోతుంటుంది. ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టరు పక్కనే పెట్టి, ఆడియోని మాత్రం మైకులకి వాడే ఎక్స్ఎల్ఆర్ తీగలో స్టేజీకి పంపండి. స్పీకర్లలో బుయ్యిమని మోత వస్తే ఒకసారి ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మోత ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్తు తీగల్లో కరెంటు తిరగడం. మధ్యలో ఒక డీఐ బాక్సు (ఆ దారిని విడగొట్టే చిన్న డబ్బా) పెడితే పోతుంది.

అనుమతులు

ఇక్కడ కాలేజీలు తరచూ పొరబడతాయి. కాపీరైటు చట్టం, 1957లోని 52వ సెక్షన్ విద్యాసంస్థ కార్యక్రమాల్లో సినిమా చూపించుకోవడానికి వెసులుబాటు ఇస్తుంది. ప్రేక్షకులు అధ్యాపకులు, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థ కార్యక్రమాలతో సంబంధం ఉన్నవాళ్లు అయితేనే. ఊరిని పిలిచిన మరుక్షణం ఆ గొడుగు పోతుంది. అప్పుడు ప్రతి సినిమాకీ హక్కుదారు నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. యూట్యూబులో ఉంది కదా అన్న మాట చెల్లదు.

సెన్సారు వేరే సంగతి. సర్టిఫికెట్ లేని సినిమాని, అది అయిదు నిమిషాల షార్ట్ ఫిల్మ్ అయినా, బహిరంగంగా చూపించాలంటే కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ నుంచి పండగ కోసం మినహాయింపు తీసుకోవాలి. దరఖాస్తుకి సినిమాల జాబితా, ఒక్కోదాని సారాంశం, ముందుగా చూసిన ప్రివ్యూ కమిటీ సభ్యుల పేర్లు సిద్ధం చేసుకోండి. అంటే ఎంపిక నెలన్నర ముందే ముగియాలి. మినహాయింపు మీద నడిచే షోలకి పేరు నమోదు చేసుకుని పాసు తీసుకున్న పెద్దవాళ్లనే రానివ్వండి. పిల్లలతో వచ్చే కుటుంబాలకి ఆదివారం పొద్దున ‘యూ’ సర్టిఫికెట్ ఉన్న సినిమాలతో వేరే షో పెట్టండి. 2023 సవరణ తర్వాత ‘యూఏ’లో 7+, 13+, 16+ అని మూడు మెట్లొచ్చాయి. పోస్టరు మీద అది సరిగ్గా వేయండి.

పాత సినిమా వేయాలనుకుంటే, విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లకి సినిమా మీద కాపీరైటు తీరుతుంది. అయితే కథకి, పాటల సాహిత్యానికి హక్కు రచయిత మరణం తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. మంచి ప్రింటు ఎవరి దగ్గరుందో వాళ్ల షరతులు కూడా ఉంటాయి. వయసు చూసి స్వేచ్ఛగా వాడేసుకోవచ్చని తేల్చేయకండి.

ఆరుబయట మైకు వాడితే పోలీసు అనుమతి కావాలి. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకరు నిషేధం. తొమ్మిదింటికే షో ముగించేలా పెట్టుకోండి, ఆలస్యాలకి గంట మిగులుతుంది. గోదావరి గట్టు మీద తెర కడితే అందంగా ఉంటుందని అందరికీ అనిపిస్తుంది. కానీ గట్టు దీపాలు ఆర్పలేరు, పుష్కర ఘాట్ దగ్గర సాయంత్రం హారతి మైకులుంటాయి, ఏటి గాలికి తెర తెరచాపలా ఉబ్బుతుంది. కాలేజీ గ్రౌండే మేలు. అక్కడైనా తెర ఫ్రేముకి నాలుగు మూలలా లాగుడు తాళ్లు కట్టి, గుడ్డని రబ్బరు తాళ్లతో బిగించండి. డిసెంబరులో పొద్దుపోయాక మంచు కురుస్తుంది కాబట్టి ప్రొజెక్టరు మీద చిన్న పందిరి వేయండి. వెనకా పక్కలా గాలాడాలి, గుడ్డ కప్పేస్తే వేడెక్కి ఆగిపోతుంది.

ఎంట్రీలు, ఎంపిక

పద్నాలుగు వారాల ముందు పిలవండి, అయిదు వారాలు గడువివ్వండి. ఫారంలో తప్పనిసరిగా అడగాల్సినవి: నిడివి, భాష, పూర్తి చేసిన ఏడాది, సంగీతం ఎవరిది, అనుమతి ఉందా, రెండుసార్లు చూపించడానికి ఒప్పుకుంటున్నారా, ప్రచారానికి 30 సెకన్ల ముక్క వాడుకోవచ్చా. సినిమా పాట ముక్కని నేపథ్యంలో వాడిన విద్యార్థి సినిమాలు చాలా వస్తాయి. వాటిని తిప్పి పంపి, సంగీతం మార్చుకు రమ్మనండి. బాగుంటే గడువు కాస్త పెంచండి.

120 సినిమాలు, సగటున 12 నిమిషాలు అంటే 24 గంటలు. ఒక్కోదాన్ని ముగ్గురు చూడాలంటే 72 గంటలు. ఆరుగురుంటే తలా పన్నెండు, మూడు వారాల్లో వారానికి నాలుగు. అంతకు తక్కువమందితో పెడితే చివరి ముప్పై సినిమాలకి న్యాయం జరగదు. చూసేవాళ్లలో ఇద్దరైనా కాలేజీ బయటివాళ్లు ఉండాలి.

షో ఒక్కోటి 90 నిమిషాలు. 65 నిమిషాల సినిమాలు, 15 నిమిషాల మాటామంతీ, పది నిమిషాలు ఆలస్యాలకి. హుషారుగా ఉండే పొట్టి సినిమాతో మొదలెట్టి, పొడుగ్గా బరువుగా ఉన్నదాన్ని నాలుగోదిగా పెట్టండి. ఊళ్లో తీసిన సినిమా ప్రతి షోలో ఒకటైనా ఉండాలి, తీసినవాళ్ల చుట్టాలే ఇరవై మంది వస్తారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. ఇది ముఖ్య అతిథికి ముందే చెప్పాలి. మొహమాటపడితే మొదటి షో గోవిందా.

ఫైళ్లు

అందర్నీ ఒకే రకంగా అడగండి: ఎంపీ4, హెచ్.264, 1920×1080, 24 లేదా 25 ఫ్రేములు, ఆడియో 48 కిలోహెర్ట్జ్ స్టీరియో. అయినా ఎవరికి తోచింది వాళ్లు పంపుతారు. వచ్చేవాటిలో జబ్బులు ఇవీ:

ఫోనులో తీసినవాటికి ఫ్రేము రేటు మారుతూ ఉంటుంది, నడిచేకొద్దీ పెదాలకీ మాటకీ పొత్తు కుదరదు. హ్యాండ్‌బ్రేకు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేము రేటుకి మార్చండి. ఆరు చానెళ్ల 5.1 ఆడియోలో సంభాషణంతా మధ్య చానెల్లో ఉంటుంది. స్టీరియోలోకి సరిగ్గా కలపకపోతే సంగీతం వినిపించి మాటలు మాయమవుతాయి. తెలుగు సబ్‌టైటిల్ వేరే ఫైలుగా వస్తే వత్తులు విడిపోతాయి, లేదా డబ్బాలు కనిపిస్తాయి. బొమ్మ మీదే ముద్రించి పంపమనండి. పోస్టరుకి పేర్లు ‘అను’ ఫాంట్లలో (డీటీపీవాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్లు) వస్తే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసుకోవాల్సిందే.

ఒకటి అరుస్తుంది, తర్వాతది గుసగుసలాడుతుంది. అన్నిటినీ మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (చెవికి వినిపించే గట్టితనం కొలత) సరిచేయండి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నార్మ్ ఫిల్టరు చాలు. ఫైలు పేర్లు 01, 02 అని అంకెలతో మొదలవ్వాలి. రెండు ల్యాప్‌టాపుల్లో ఒకేలా ఉంచండి. పెన్‌డ్రైవు ఫార్మాట్ ఎఫ్ఏటీ32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి.

రెండు రోజుల ముందు అదే హాల్లో, అదే ప్రొజెక్టరుతో ప్రతి సినిమా మొదలు, మధ్య, చివర ఒక్కో నిమిషం వేసి చూడండి. వెనక వరసలో ఒకరు కూర్చోవాలి. ల్యాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు, స్క్రీన్‌సేవరు, అప్‌డేట్లు ఆపేయండి.

జనం

ఇన్‌స్టాగ్రామ్ విద్యార్థుల్ని తెస్తుంది. మిగతా ఊరు కావాలంటే కాగితం పోస్టరు పనిచేస్తుంది: కోటగుమ్మం, దేవీచౌక్, కోటిపల్లి బస్టాండు, గౌతమీ గ్రంథాలయం. పోస్టరు మీద సినిమాల పేర్ల కన్నా షో వేళ, ముగిసే వేళ, ఉచితమా కాదా పెద్దక్షరాల్లో ఉండాలి. ముగిసే వేళ చాలామంది వేయరు. ధవళేశ్వరం నుంచో కొవ్వూరు నుంచో వచ్చేవాళ్లు మొదట వెతికేది అదే.

ఉచిత పాసులు తీసుకున్నవాళ్లందరూ రారు. షోకి పది నిమిషాల ముందు వరకే పాసువాళ్లకి సీటు ఆపుతామని పాసు మీదే రాసి, తర్వాత ఖాళీల్ని అప్పటికప్పుడు పేరు రాయించుకున్నవాళ్లకి వదిలేయండి. ముందు రెండు వరసలు అతిథులకని సోఫాలు వేసి ఖాళీగా ఉంచితే వెనక నిలబడ్డవాళ్లకి ఒళ్లు మండుతుంది. నాలుగు కుర్చీలు చాలు.

ఆదివారం రాత్రి ఆఖరి షో అయ్యాక ఇద్దరు వాలంటీర్లు గేటు దగ్గర ఆటోలు చూడాలి, ఇద్దరు అద్దె సామాను లెక్కపెట్టాలి. తీగలు, అడాప్టర్లే ఎక్కువగా పోతాయి. అప్పు తెచ్చిన పాత కరపత్రాలు సోమవారం ఇళ్లకి చేర్చండి. సినిమా ఫైళ్లు రెండు ల్యాప్‌టాపుల్లోంచీ చెరిపేసి, చెరిపేశామని తీసినవాళ్లకి ఒక మెయిల్ రాయండి. హాలు తాళాలు వాచ్‌మన్‌కి అప్పగించేటప్పుడు వెంటిలేటర్ల నల్లగుడ్డ తీశారో లేదో ఒకసారి పైకి చూడండి.