మలేషియా వెళ్తే స్టేడియాలు ఎలా చూడాలి: ముందు మ్యాచ్ చూస్కోండి, ఫ్లైట్ టికెట్ తర్వాత

మలేషియా వెళ్లే మనవాళ్లు ట్విన్ టవర్స్ దగ్గర ఫొటో దిగుతారు, బతు కేవ్స్ మెట్లెక్కుతారు, గెంటింగ్ వెళ్లొస్తారు, ఇక ట్రిప్ అయిపోయినట్టే. మన హాకీ టీమ్ ఒకే ఒక్కసారి వరల్డ్ కప్ గెలిచిన గ్రౌండ్ కౌలాలంపూర్ నడిబొడ్డున ఇంకా నిలబడే ఉందంటే అవునా అని ఆశ్చర్యపోతారు. అందుకే ఇది రాస్తున్నా, ఆటలంటే ఇష్టం ఉన్నవాళ్లు ఒక్క వారం అక్కడ ఉన్నా చాలు, సరిగ్గా ప్లాన్ చేస్కుంటే జన్మలో మర్చిపోరు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. చాలామంది ఫ్లైట్ బుక్ చేసేసి ఆ తర్వాత ఏం మ్యాచ్‌లున్నాయా అని వెతుకుతారు, అలా చేస్తే కౌలాలంపూర్‌లోని నేషనల్ స్టేడియం బుకిట్ జలీల్ దాకా వెళ్లి గేటు బయట నుంచి బిల్డింగ్ చూసి రావడమే అవుతుంది. ముందు మ్యాచ్ ఫిక్స్ చేస్కోండి. జనవరి అయితే మలేషియా ఓపెన్ బ్యాడ్మింటన్, మలేషియా మాస్టర్స్ ఈమధ్య మే నెలలో పెడుతున్నారు, ఫుట్‌బాల్ లీగ్ ఇప్పుడు ఆగస్టు ప్రాంతంలో మొదలై మరుసటి ఏడాది మే దాకా నడుస్తోంది. హాకీ సుల్తాన్ అజ్లాన్ షా కప్ డేట్లు మాత్రం ఏడాదికోలా మారతాయి కాబట్టి అది చూస్కునే బయల్దేరాలి. వీసా గొడవ మనకి ప్రస్తుతానికి లేదు, 2026 చివరి దాకా 30 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు, కాకపోతే దిగే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఫ్రీ, డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు.

ఇక బుకిట్ జలీల్. 1998 కామన్వెల్త్ గేమ్స్ కోసం కట్టారు, 87 వేల పైచిలుకు సీట్లు, 2017 సీ గేమ్స్‌కి (ఆగ్నేయాసియా దేశాల ఆటల పోటీలు) మళ్లీ బాగుచేసి బయటంతా నిలువు పట్టీలు, లైట్లు పెట్టారు, రాత్రి పూట మలేషియా టీమ్ మ్యాచ్ ఉంటే ఆ లైట్లు చూస్తూ స్టేషన్ నుంచి నడిచి రావడమే ఒక పండగ. కౌలాలంపూర్ మెయిన్ స్టేషన్ కేఎల్ సెంట్రల్ నుంచి కెలానా జయ లైన్‌లో మస్జిద్ జమెక్ దాకా వెళ్లి అక్కడ శ్రీ పెటాలింగ్ లైన్‌కి మారాలి. ఇక్కడే అందరూ పొరపాటు పడేది. అదే ప్లాట్‌ఫారం మీదకి అంపాంగ్ వెళ్లే ట్రైను కూడా వస్తుంది, రెండూ చాన్ సో లిన్ స్టేషన్ దాకా ఒకే దారి, ఆ తర్వాత విడిపోతాయి. నేను మొదటిసారి పసుపు జెర్సీలు వేస్కున్న గుంపు ఎక్కింది కదా అని చూస్కోకుండా ఎక్కేశా, వాళ్లంతా చాన్ సో లిన్‌లో దిగి ట్రైను మారారు, నేను కూర్చునే ఉన్నా, వెనక్కొచ్చి మళ్లీ పట్టుకుని చేరేసరికి జాతీయ గీతం మొదలైపోయింది, గేటు బయట నించునే విన్నా. కాబట్టి బోర్డు మీద పుత్రా హైట్స్ అని ఉందో లేదో చూసి ఎక్కండి. ట్రైన్లలో వాడే టచ్ ఎన్ గో కార్డులో రానుపోను సరిపడా ముందే వేస్కోండి, మ్యాచ్ అయ్యాక రీఛార్జ్ మెషిన్ దగ్గర లైను చాంతాడంత ఉంటుంది.

సీటు విషయం. మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంది కాబట్టి కింద ముందు వరసలు తీస్కుంటే దగ్గరగా ఉంటుందనుకోవడం తప్పు, అక్కడ్నుంచి అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతుందో అర్థమే కాదు. కాస్త పైన, సైడు మధ్యలో తీస్కోండి. గోల్ వెనకాల నల్ల టీషర్టులతో ఉండేవాళ్లు అల్ట్రాస్ మలయా, అంటే మలేషియా టీమ్ వీరాభిమానుల గుంపు, తొంభై నిమిషాలూ నిలబడే డప్పులు కొడుతూ పాడతారు, పిల్లల్తో వెళ్లేవాళ్లు ఆ పక్క తీస్కోవద్దు, కుర్రాళ్లయితే ఒక్కసారైనా అక్కడే చూడాలి అంటా నేను. అవతలి టీమ్ రంగు వేస్కుని హోమ్ స్టాండ్‌లో కూర్చోవద్దు. బయట టికెట్లు చేతిలో పట్టుకుని తిరిగేవాళ్లని అక్కడ ఉలాట్ అంటారు, అంటే పురుగు అని, పేరులోనే తెలుస్తోంది కదా, వాళ్ల దగ్గర కొనకండి.

టైమ్ కూడా మనలా కాదు. వేడికీ సాయంత్రం నమాజుకీ చూస్కుని రాత్రి ఎనిమిది పావు, తొమ్మిది అలా మొదలెడతారు, రంజాన్ నెలలో ఇంకా లేటవుతుంది. తొమ్మిదికి మొదలైతే అయ్యేసరికి పదకొండు అవుతుంది, ఆఖరి ట్రైన్లు అర్ధరాత్రి ప్రాంతంలో, పెద్ద మ్యాచ్‌లకి టైమ్ పొడిగిస్తారు గానీ దాన్నే నమ్ముకోవద్దు, ముందే చూస్కోండి. వాన ఏ సాయంత్రమైనా కుండపోతగా పడొచ్చు, గొడుగు లోపలికి రానివ్వకపోవచ్చు, పల్చటి రెయిన్‌కోటు బ్యాగులో పెట్టుకుంటే సరి. స్టేడియంలో బోర్డులు చాలావరకు మలయ్‌లో ఉంటాయి, పింతు అంటే గేటు, మాసుక్ అంటే లోపలికి, కెలువార్ అంటే బయటికి, బారిస్ అంటే వరస, తండాస్ అంటే బాత్రూమ్, ఈ ఐదు గుర్తుంటే చాలు. మ్యాచ్‌కి ముందు బయట బండి దగ్గర బర్గర్ తినండి, గుడ్డు పల్చగా అట్టులా వేసి అందులో ప్యాటీ పెట్టి మడతేసి ఇస్తాడు, పొగలు కక్కుతూ ఉంటుంది. గొడ్డు మాంసం తిననివాళ్లు ఆయమ్ అని అడగండి, అంటే చికెన్.

అదే కాంపౌండులో ఉన్న ఇండోర్ హాలు మనవాళ్లకి ఇంకా దగ్గర. ఇదివరకు ఆక్సియాటా అరేనా, ఇప్పుడు యూనిఫై అరేనా అంటున్నారు, బుకిట్ జలీల్ స్టేషన్ పక్కనే. 2024 జనవరిలో మన అమలాపురం సాత్విక్, చిరాగ్‌తో కలిసి మలేషియా ఓపెన్ ఫైనల్ ఆడింది ఇక్కడే, అదే ఏడాది మేలో సింధు మాస్టర్స్ ఫైనల్లో మూడో గేమ్ 11-3 లీడ్‌లో ఉండి వాంగ్ జియీకి ఓడిపోయిందీ ఇక్కడే, 2025 మాస్టర్స్‌లో శ్రీకాంత్ ఫైనల్ దాకా వెళ్లిందీ ఇక్కడే. ఫైనల్ టికెట్ కోసం కొట్టుకునేకన్నా మంగళ, బుధవారాలు వెళ్లండి అని నా సలహా, రేటు తక్కువ, పొద్దున్నుంచి రాత్రి దాకా మూడు నాలుగు కోర్టుల్లో ఒకేసారి మ్యాచ్‌లు, మనవాళ్లందరూ ఇంకా టోర్నీలో ఉంటారు. కోర్టుకి వెనకాల కూర్చుంటే షటిల్ ఎక్కడ వేస్తున్నారో ప్లాన్ అంతా తెలుస్తుంది, పక్కన కూర్చుంటే స్మాష్ ఎంత స్పీడుగా వస్తోందో తెలుస్తుంది, టీవీలో ఆ స్పీడు ఎప్పటికీ తెలీదు. ఏసీ గట్టిగా ఉంటుంది, జాకెట్ ఒకటి పెట్టుకోండి. కెమెరా ఫ్లాష్ మాత్రం అస్సలు వద్దు, షటిల్ మీదే చూపు పెట్టుకున్న మనిషికి కళ్లు చెదిరిపోతాయి.

క్రికెట్ వాళ్లు క్లాంగ్ పక్కన పండమారన్‌లో ఉన్న బయూఎమాస్ ఓవల్ చూడాలి. 2025 ఫిబ్రవరి 2న అండర్ 19 అమ్మాయిల టీ20 వరల్డ్ కప్ ఫైనల్లో మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసి, తర్వాత 44 కొట్టి నాటౌట్‌గా నిలిచింది ఇక్కడే, స్కాట్లాండ్ మీద ఆమె కొట్టిన 110 ఆ టోర్నీ చరిత్రలోనే మొదటి సెంచరీ. కేటీఎం కొమ్యూటర్ ట్రైన్లో క్లాంగ్ దాకా వెళ్లి అక్కడ్నుంచి గ్రాబ్ (మన ఓలా లాంటి యాప్) కారు పట్టుకోండి. పెద్ద గ్యాలరీలేం ఉండవు, టోపీ, నీళ్లు తప్పనిసరి.

ఊరు దాటి వెళ్లేంత టైముంటే రెండు. ఇపోలో అజ్లాన్ షా హాకీ స్టేడియం, కేఎల్ సెంట్రల్ నుంచి ఈటీఎస్ ట్రైన్లో రెండున్నర గంటలు, టోర్నీ టైములో టికెట్లు ముందే అయిపోతాయి, ఈ కప్పు మనం ఐదు సార్లు గెలిచాం, 2010లో కొరియాతో పంచుకున్నది కూడా కలిపి. రెండోది జొహోర్‌లో సుల్తాన్ ఇబ్రహీం స్టేడియం, 2020లో తెరిచారు, 40 వేల సీట్లు, అరటాకు ఆకారంలో కట్టారు, ఇక్కడ ట్రాక్ లేదు కాబట్టి ఆట కళ్లముందే ఉన్నట్టుంటుంది. ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్ జేడీటీ (జొహోర్ దారుల్ తాజిమ్) 2014 నుంచి లీగ్ టైటిల్ ఇంకొకరికి వదల్లేదు. కౌలాలంపూర్ టీబీఎస్ బస్టాండ్ నుంచి జొహోర్‌లోని లార్కిన్ బస్టాండ్‌కి బస్సులో నాలుగైదు గంటలు, స్టేడియం ఊరికి దూరం, రాత్రి అక్కడే రూమ్ తీస్కోండి.

మ్యాచ్ లేని రోజుకి మెర్డెకా స్టేడియం అట్టే పెట్టండి. ప్లాజా రక్యాత్ ఎల్ఆర్‌టీ స్టేషన్లో గానీ మెర్డెకా ఎమ్మార్టీ స్టేషన్లో గానీ దిగి నడవొచ్చు, ఎదురుగా ఆకాశాన్నంటే మెర్డెకా 118 టవరే గుర్తు. 1957 ఆగస్టు 31న మలేషియా మొదటి ప్రధాని టుంకు అబ్దుల్ రెహ్మాన్ ఇక్కడే స్వాతంత్ర్య ప్రకటన చదివి మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, అని ఏడు సార్లు అరిచాడు. 1975 జులైలో మహమ్మద్ అలీ, జో బగ్నర్ బాక్సింగ్ కూడా ఇక్కడే. మొదట్లో చెప్పిన హాకీ వరల్డ్ కప్ మనం గెలిచిందీ ఇక్కడే, అదే ఏడాది మార్చి 15న ఫైనల్, పాకిస్తాన్ మీద 2-1, సుర్జీత్ సింగ్ ఒకటి, ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ ఒకటి కొట్టారు. లోపలికి రానిస్తున్నారా లేదా అన్నది ఆ రోజు గేటు దగ్గర అడిగితేనే తెలుస్తుంది, మర్యాదగా అడగండి, పొద్దున్నే ఎండ ముదరక ముందు వెళ్లండి.