వెంటిలేటర్ పెట్టాక డాక్టరుగారిని ఏం అడగాలి

"సిస్టర్, గాలి కొంచెం ఎక్కువ పెట్టండమ్మా, మా ఆవిడ ఆయాసపడిపోతోంది." కాకినాడలో ఐసీయూ నర్సుగా నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఫ్లూ, కోవిడ్ లాంటి వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగినప్పుడు ఆ ఎక్కువ గాలే చేటు చేస్తుంది. ఎందుకో తెలిస్తే ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

మాది కోనసీమలో లంక ఊరు. గోదారి పొంగితే చేలూ తోటలూ మునిగి, మనుషులూ గొడ్లూ అంతా ఉన్న కాస్త మెరక మీదికే చేరతాం. వైరల్ నిమోనియా ముదిరితే ఊపిరితిత్తి పరిస్థితీ అంతే. గాలి గదుల్లో వాపు నీరు చేరుతుంది. వెల్లకిలా పడుకున్న మనిషికి వీపు వైపు ఎక్కువ మునిగి, గాలి ఆడే మెరక కొంచెమే మిగులుతుంది. మామూలుగా మన ఛాతీ విచ్చుకుని గాలిని లాక్కుంటుంది. మెషీన్ అలా కాదు, గొట్టంలోంచి నెడుతుంది. నిండు ఊపిరితిత్తికి సరిపోయే గాలి నెడితే అదంతా ఆ మెరక మీదే పడి, బాగున్న గదులు కూడా సాగి దెబ్బతింటాయి.

అందుకే మొదట అడగాల్సింది టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో ఊపిరికి ఎన్ని మిల్లీలీటర్లు ఇస్తున్నారని. 2000లో అమెరికాలో 861 మంది మీద చేసిన పరిశోధనలో, కేజీకి 12 మి.లీ. బదులు 6 ఇస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. ఆ కేజీలు త్రాసు మీద చూసినవి కావు, ఎత్తును బట్టి లెక్కకట్టినవి. ఒళ్లు పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు.

ఈ విషయంలో నేనే తప్పు చేశాను. 2021 మేలో, రాత్రి డ్యూటీలో, ఒకావిడ బరువు 80 కేజీలని ఇంటివాళ్లు చెబితే అదే షీటులో రాసేశాను. మెషీన్ 480కి పెట్టారు. తెల్లారి డాక్టరుగారు టైలరు టేపు తెప్పించి, మంచం మీదే తల నుంచి మడమ దాకా కొలిపించారు. 160 సెంటీమీటర్లు. లెక్కకొచ్చిన బరువు 52 కేజీలు, ఇవ్వాల్సింది 315 మి.లీ. లోపే. తగ్గించాక ప్లాటో ప్రెషర్, అంటే ఊపిరి నిండాక గాలి గదుల మీద పడే ఒత్తిడి, 34 నుంచి 27కి దిగింది. అది 30 దాటకూడదు. ఆ రాత్రి నాకింకా గుర్తే. మీ వాళ్ల ఎత్తు తెలిస్తే అడక్కముందే చెప్పండి.

పీప్ అనే అంకె కూడా కనిపిస్తుంది. ఊపిరి వదిలాక గదులు పూర్తిగా మూతపడకుండా నిలబెట్టే ఒత్తిడి అది. రక్తంలో ఆక్సిజన్ 92 శాతం ఉంటే కంగారు పడకండి. ఇలాంటి జబ్బులో 88 నుంచి 95 మధ్య ఉంచడం వాడుకే, 100 కోసం మెషీన్ జోరు పెంచక్కర్లేదు.

జబ్బు బాగా ముదిరితే "బోర్లా వేస్తారా?" అని అడగండి. రోజుకు 16 గంటలు బోర్లా ఉంచితే వీపు వైపు మునిగిన భాగం తేరుకుంటుంది. తల దగ్గర ఒకరు గొట్టం పట్టుకుంటే, మిగతా నలుగురం ఒక్క మాట మీద తిప్పుతాం. మొహం ఉబ్బుతుంది, చూసి బెదిరిపోకండి.

వెల్లకిలా ఉన్నప్పుడు మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంటుంది. పాపం కాళ్లు జారిపోతున్నాయని దించకండి. కొబ్బరినీళ్లయినా తీర్థమయినా నోట్లో చుక్క కూడా వేయకండి. అది గొట్టం పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారితే కొత్త నిమోనియా పట్టుకుంటుంది.

మెషీన్ మీద ఉన్నకొద్దీ ఊపిరి తీసే కండరం చిక్కిపోతుంది. అందుకే కాస్త తేరుకోగానే పొద్దున పూట మత్తు తగ్గించి, సొంతంగా తీస్తున్నారా అని చూస్తాం. మిమ్మల్ని లోపలికి రానిస్తే ఆ వేళకే రండి. చేతులు కడుక్కుని, చెవి దగ్గర పేరు పెట్టి పిలిచి, ఇవాళ ఏ వారమో, ఇంటి దగ్గర ఎవరున్నారో చెప్పండి.