క్రికెట్ కార్డుల వేలానికి సీజను లెక్క: బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి అమ్మేవాళ్లకి

ఐపీఎల్ ఫైనల్ అయిన మర్నాడు ఆటగాళ్ల ఫొటోలుండే కార్డులు వేలానికి పెట్టేవాళ్లు ఏటా కనిపిస్తారు. జట్టు గెలిచింది కాబట్టి ధర పలుకుతుందని ఆశ. కానీ అదే రోజు అదే ఆటగాడి కార్డు పట్టుకుని ఇంకో పదిమంది వచ్చి కూర్చుంటారు. ఇక కొనేవాడికి తొందరేముంది? ఈ వారం కాకపోతే వచ్చే వారం, మీ దగ్గర కాకపోతే పక్కవాడి దగ్గర. వేలంలో ధర పెంచేది ఆఖరి నిమిషాల్లో ఒకే కార్డు కోసం పట్టుబట్టే ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరూ సీజను ముందు తేలిగ్గా దొరుకుతారు, అయిపోయాక దొరకరు.

మన వైపు ఇళ్లల్లో ఉండేవి చాలావరకు టాప్స్ వాళ్ల క్రికెట్ అటాక్స్, పానిని కార్డులు. అక్కడక్కడ 1996 ప్రపంచకప్ నాటి ఫ్యుటెరా కార్డుల్లాంటివి బయటపడతాయి. కొనేవాళ్లు మాత్రం బరంపురంలోనో రాయగడలోనో ఉండరు. కొత్త కార్డులకి హైదరాబాదు, బెంగళూరు, ముంబై వాళ్లుండే వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపులు. పాతవాటికి ఈబే అనే వేలం వెబ్‌సైటులో ఇంగ్లండు, ఆస్ట్రేలియా వాళ్లు. ఈబే భారత సైటు 2018లోనే మూతపడింది కాబట్టి ఇప్పుడు ఈబే అంటే ఎగుమతే. మన పాన్ నంబరుతోనే వచ్చే ఐఈసీ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకిచ్చే కోడు), డబ్బు అందుకోవడానికి పేయొనీర్ ఖాతా, ఈ రెండూ సీజనుకు కనీసం నెల ముందే తయారుగా ఉండాలి. కార్డు అమ్ముడయ్యాక కాగితాల కోసం తిరిగితే పంపాల్సిన గడువు దాటిపోతుంది.

ఏడాదిలో ఎప్పుడు

క్రికెట్ కార్డుల ఏడాది జనవరిలో మొదలవదు, నవంబరులో మొదలవుతుంది. జట్లు ఎవరిని ఉంచుకున్నాయో, ఎవరిని వదిలాయో తెలిసేది అప్పుడే, ఆ వెనకే ఆటగాళ్ల వేలం. 2024 నవంబరు 24న జెడ్డాలో రిషభ్ పంత్ 27 కోట్లకు లక్నోకి వెళ్లాడు. 2025 డిసెంబరు 16న అబుదాబిలో కామెరాన్ గ్రీన్ 25.20 కోట్లకు కోల్‌కతాకి వెళ్లాడు. ఇలాంటి వార్త వచ్చిన రాత్రి ఆ పేరు కొట్టి వెతికేవాళ్లు ఎక్కువ, నాలుగైదు రోజులకల్లా పల్చబడిపోతారు. అప్పుడు ఏడు రోజుల వేలం పెడితే అది ముగిసేసరికి వేడి చల్లారి ఉంటుంది. మూడు రోజుల వేలమే పెట్టండి. ఐపీఎల్ వేలం జాబితాలో పేరున్న ఆటగాళ్ల కార్డులు మీ దగ్గరుంటే ఫొటోలు, వివరాలు ముందే రాసి పెట్టుకోండి, పేరు పాడగానే ఎక్కించేయడానికి. ఆటగాడు రిటైర్మెంటు ప్రకటించినప్పుడూ ఇదే పద్ధతి.

అసలు పంట మార్చిలో. టోర్నీ మార్చి మూడో వారమో నాలుగో వారమో మొదలవుతుంది. పేరున్నవాళ్ల కార్డులు అంతకు ముందు మూడు వారాల్లో ముగిసిపోయేలా చూసుకోండి. ఒక్క బంతి కూడా పడనప్పుడు ప్రతి అభిమానికీ తన ఆటగాడే ఆరెంజ్ క్యాపు కొడతాడు. నాలుగు మ్యాచులయ్యాక సగం మంది ఆశలు కరిగిపోతాయి, ఒకడికి తొడ కండరం పట్టేస్తుంది, ఒకణ్ని బెంచి మీద కూర్చోబెడతారు.

టోర్నీ నడుస్తుండగా అమ్మాల్సింది కుర్రాళ్ల కార్డులు. 2025 ఏప్రిల్ 28న వైభవ్ సూర్యవంశీ పద్నాలుగేళ్ల వయసులో గుజరాత్ మీద 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. అలాంటి ఇన్నింగ్స్ వస్తే మర్నాడు పొద్దున్నే కార్డు వేలంలో ఉండాలి, ఆ ఆటగాడి తర్వాతి మ్యాచు లోపు వేలం ముగియాలి. తర్వాతి మ్యాచులో మొదటి బంతికే బౌల్డ్ అయ్యాడంటే పాట అక్కడే ఆగిపోతుంది.

కొత్త ప్యాకెట్లు అంగళ్లలోకి వచ్చినప్పుడు మొదటి పది రోజులూ మీవి. సెట్టు పూర్తి చేయాలనుకునేవాళ్ల దగ్గర ఇంకా ఖాళీలుంటాయి, మామూలు కార్డు కూడా కదులుతుంది. నెల తిరిగేసరికి అందరి దగ్గరా అవే మూడేసి ఉంటాయి. అప్పుడిక విడివిడిగా కాదు, జట్టువారీగా పదిహేను ఇరవై కార్డులు కలిపి లాటుగా పెట్టండి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు అమ్మకండి, కొనండి. దీనికి మినహాయింపు ప్రపంచకప్ ఏడాది. వచ్చే వన్డే ప్రపంచకప్ 2027 అక్టోబరు, నవంబరుల్లో దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో. జట్టు ప్రకటించడానికి ముందు వారం అమ్మడం మంచిది. పేరు లేకపోతే ధర పడినంతగా, పేరుంటే పెరగదు. ఎంపిక అవుతాడని అందరూ అప్పటికే ధర కట్టేసి ఉంటారు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో పంపిన బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ కార్డులుంటే సూత్రం అదే: బేస్‌బాల్ మార్చిలో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆగస్టు చివర, బాస్కెట్‌బాల్ అక్టోబరులో. అక్కడ ఆదాయపు పన్ను రీఫండు చేతికొచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఖరీదైనవి బాగా కదులుతాయి. అయితే 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. కొనేవాడు ఆ సుంకం లెక్కేసుకుని అంతమేరకు తగ్గించే పాడతాడు.

ఏ గంటకు ముగియాలి

ఈబేలో వేలం మొదలైన గంటకే ముగుస్తుంది, చివర్లో పాట పడినా సమయం పొడిగించదు. కాబట్టి ముగింపు నుంచి వెనక్కి లెక్కపెట్టి మొదలుపెట్టాలి. గురువారం మొదలైన పది రోజుల వేలం ఆదివారం ముగుస్తుంది, రెండు శని ఆదివారాలు కలిసొస్తాయి. పాత కార్డులకి ఇదే బాగుంటుంది.

కొనేవాడి ఆదివారం రాత్రి ఎనిమిది మనకి ఎప్పుడు? లండన్ ఎనిమిదంటే ఎండాకాలంలో మనకి రాత్రి 12:30, చలికాలంలో 1:30. న్యూయార్క్ ఎనిమిదంటే సోమవారం పొద్దున్న 5:30 లేదా 6:30. సిడ్నీ మాత్రం మధ్యాహ్నమే: మన 3:30, అక్కడి ఎండాకాలంలో, అంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా, 2:30. లండన్ గడియారం మారేది మార్చి ఆఖరి ఆదివారం, సరిగ్గా ఐపీఎల్ అప్పుడే. ముందు ఆదివారం అక్కడి ఎనిమిదికి మొదలుపెట్టిన ఏడు రోజుల వేలం అక్కడ తొమ్మిదికి ముగుస్తుంది. ఆ ఒక్క వారం గంట ముందుగా పెట్టుకోండి. అర్ధరాత్రి మేలుకోనక్కర్లేదు, షెడ్యూలు చేసే సదుపాయం ఉంది. ఏప్రిల్, మే సాయంత్రాల కాలవైశాఖి గాలివానకి కరెంటు పోతే ఫోను పట్టుకుని కూర్చున్నవాడు వేలం మొదలుపెట్టలేడు గానీ షెడ్యూలు ఆగదు.

గ్రూపు వేలాలకి లెక్క వేరు. ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం 6:45కి ముగించండి. ఏడింటికి టాసు, ఆ వెంటనే పదకొండుగురి పేర్లు. మీ ఆటగాడు ఆ జాబితాలో లేకపోతే పాడినవాడు కూడా వెనక్కి తగ్గుతాడు. ఏడున్నర నుంచి పదకొండున్నర దాకా ఎవరూ గ్రూపు చూడరు. జీతాలు పడే మొదటి వారమే మంచిది, నెలాఖరులో పెట్టి ఉసూరుమనొద్దు. ఆఖరి ఐదు నిమిషాల్లో పాట పడితే ఇంకో ఐదు నిమిషాలు పొడిగింపని ముందే రాయండి. తెలిసినవాళ్ల చేత దొంగపాట పాడించడం ఒకసారి బయటపడితే ఆ గ్రూపులో మీ పని అయిపోయినట్టే. చెల్లింపు స్క్రీన్‌షాటు చూసి నమ్మకండి, బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే కార్డు కట్టండి.

మన వాతావరణం, మన తపాలా

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. మూడూ అవే రోజులు, పైగా దసరా సెలవులూ చాలాసార్లు ఆ నెలలోనే. అక్టోబరు మొదటి మూడు వారాల్లో ముగిసే వేలం గంజాం, గజపతి జిల్లాల నుంచి పెట్టకపోవడమే మేలు. తప్పనిసరైతే పంపే గడువు ఒక రోజని కాకుండా ఐదు రోజులని పెట్టండి. కొరాపుట్ వైపు వాళ్లకి జులై నుంచే ఇబ్బంది, కిరండూల్ రైలు లైను మీద కొండచరియలు పడితే తపాలా సంచి ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది, కాబట్టి అదే దారి. మీ పోస్టాఫీసులో సంచి ఎన్నింటికి కడతారో కౌంటరులో అడిగి తెలుసుకోండి. పర్లాకిమిడి, గుణుపురం లాంటి చోట్ల ఆ వేళ దాటితే ఒక రోజు పోయినట్టే.

వానాకాలంలో ఇంకో చిక్కు, మెరుపు కార్డులు వంగిపోతాయి. లోపలి అట్ట తేమ పీల్చి ఉబ్బుతుంది, పైనున్న రేకు పొర సాగదు, దాంతో కార్డు విల్లులా తిరుగుతుంది. జూన్ రాకముందే మెత్తటి ప్లాస్టిక్ తొడుగులో, దాన్ని టాప్‌లోడరులో, అంటే పైన నోరుండే గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, గాలి చొరబడని డబ్బాలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలతో దాచండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వాటిని వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. కార్డునైతే ఎండలో పెట్టకండి, రంగు వెలిసిపోతుంది. ఫొటోలు కూడా మేలోనే, కార్డు తిన్నగా ఉన్నప్పుడే తీయాలి, ముందు, వెనక, నాలుగు మూలలు దగ్గరగా. పంపేముందు మరోసారి చూసి, వంగి ఉంటే కొత్త ఫొటో పెట్టాలి, లేకపోతే కార్డు తిరిగొస్తుంది. పంపేటప్పుడు టాప్‌లోడరు నోరు మూయడానికి సెల్లోటేపు వద్దు, రంగులేసేవాళ్లు వాడే కాగితపు టేపు చాలు, జిగురు అంటుకోదు.

మొదటి ధర ఎంత

ఈబేలో అమ్ముడైన ధరలు చూపించే వడపోత తొంభై రోజుల వెనక్కే వెళ్తుంది. అంటే మార్చిలో చూస్తే కిందటేడు ఐపీఎల్ ధరలు ఉండవు, చలికాలపు ధరలు చూసి తక్కువ అంచనా వేస్తారు. ఏప్రిల్, మేలలో మీ కార్డులు ఎంతకి పోతున్నాయో వారానికోసారి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు రాయకండి, పోయిన ధరలే రాయండి.

గ్రూపు వేలంలో పెద్ద పేరైతే, సీజను ముందైతే, 99 రూపాయలకి మొదలుపెట్టినా పాట దానంతటదే పైకి పోతుంది. ఎవరూ వెతకని పేరుకి అలా చేస్తే 99కే ఇచ్చుకోవాలి. దానికి మీరు ఒప్పుకునే కనీస ధరే మొదటి ధర. అమ్ముడుపోని కార్డుని వెంటనే అదే గ్రూపులో మళ్లీ పెట్టకండి, ఎవరికీ అక్కర్లేని కార్డని ముద్ర పడుతుంది. ఏప్రిల్ మధ్యలోపు మిగిలితే మూడు వారాలు ఆగి వేరే గ్రూపులో పెట్టండి. మేలో మిగిలితే డబ్బాలోకి, మళ్లీ నవంబరులో తీయండి.