పీటీ-109 నమూనాకు సరైన ప్లాను దొరకాలంటే

పీటీ బోటు అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం వాడిన చిన్న టార్పెడో పడవ. దాని నమూనా చేయడానికి ప్లాను వెతికే ముందు ఒక కాగితం మీద రెండు విషయాలు రాసుకోండి: పడవ నంబరు, తేదీ. "అమెరికా టార్పెడో బోటు" అని మాత్రమే వెతికితే డ్రాయింగులు బోలెడు దొరుకుతాయి కానీ ఒకదానితో ఒకటి కలవవు. వాటిలో చాలావాటిని గీసినవాళ్లు తప్పు చేయలేదు. అవి వేర్వేరు పడవలవి, లేదా ఒకే పడవ వేర్వేరు ఏళ్లలో ఉన్న తీరువి.

ఒక్క ఎల్కో కంపెనీయే ఈ బోట్లను మూడు పొడవుల్లో కట్టింది. పీటీ-10 నుంచి 19 వరకు 70 అడుగులు. పీటీ-20తో మొదలైన వరుస 77 అడుగులు. పీటీ-103తో 80 అడుగుల పడవలు మొదలయ్యాయి. 1942 మార్చిలో జనరల్ మెకార్థర్‌ను ఫిలిప్పీన్స్‌లోని కొరెగిడోర్ దీవి నుంచి దాటించిన పీటీ-41 77 అడుగులది, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీ నడిపిన పీటీ-109 80 అడుగులది. 1:24 కొలతలో (అసలు పడవలో 24వ వంతు) ఈ మూడు అడుగుల తేడా 38 మిల్లీమీటర్లు. హిగ్గిన్స్ కంపెనీ కట్టిన 78 అడుగుల పడవ ఆకారమే వేరు, దాని ప్లానును సాగదీసి ఎల్కోగా మార్చుకోవడం కుదరదు.

తేదీ ఎందుకంటే, 80 అడుగుల ఎల్కోలో కూడా డెక్ మీద సామగ్రి యుద్ధం సాగేకొద్దీ మారిపోయింది. 1942లో నీళ్లలోకి దించిన పీటీ-109కి నాలుగు 21 అంగుళాల ఉక్కు టార్పెడో గొట్టాలు, వెనక ఒక 20 మి.మీ. ఓర్లికాన్ తుపాకి, రెండు జంట .50 మెషిన్‌గన్ టర్రెట్లు ఉండేవి. రాడార్ లేదు. యుద్ధం చివరి నాటి పడవల్లో గొట్టాలు పోయి తేలికపాటి పట్టాల మీద మార్క్ 13 టార్పెడోలు వచ్చాయి, వెనక 40 మి.మీ. బోఫోర్స్ తుపాకి, స్తంభం మీద రాడార్ వచ్చాయి. ఇక పీటీ-109 ముందు డెక్ మీద ఉండే 37 మి.మీ. యాంటీ ట్యాంక్ తుపాకిని చివరి గస్తీకి ముందే, అక్కడి లైఫ్‌రాఫ్ట్ తీసేసి, దుంగల మీద కట్టారు. 1943 ఆగస్టు 2న జపాన్ డిస్ట్రాయర్ అమగిరి గుద్దిన నాటి పడవ చేస్తుంటే ఆ తుపాకి పెట్టాలి, 1942 నాటి పడవకైతే పెట్టకూడదు. ఒకే నమూనాలో తుపాకీ, లైఫ్‌రాఫ్టూ రెండూ పక్కపక్కన కనిపిస్తే ఆ ప్లాను రెండు తేదీలను కలిపేసిందని అర్థం.

అందుకని ఒక్క షీటులో అంతా దొరుకుతుందని ఆశించకండి. పడవ ఒడలి ఆకారానికి ఒక ఆధారం, డెక్ సామగ్రికి మరో ఆధారం పెట్టుకోవాలి.

ఒడలికి మొదట అడగాల్సిన చోటు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్. నౌకా నిర్మాణం చూసిన బ్యూరో ఆఫ్ షిప్స్ పత్రాలు అక్కడ రికార్డ్ గ్రూప్ 19లో ఉంటాయి, డ్రాయింగులు మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ భవనంలో కార్టోగ్రాఫిక్ విభాగం చూస్తుంది. ఉత్తరంలో "పీటీ బోటు ప్లాన్లు" అని రాస్తే పని జరగదు. పడవ నంబర్ల వరుస చెప్పి, లైన్స్ ప్లాన్ (ఒడలి వంపుల గీతలు), టేబుల్ ఆఫ్ ఆఫ్‌సెట్స్ (ఆ వంపుల కొలతల పట్టిక), అవుట్‌బోర్డ్ ప్రొఫైల్ (పక్క నుంచి బయటి రూపం), ఇన్‌బోర్డ్ ప్రొఫైల్ (పక్క నుంచి లోపలి రూపం), డెక్ ప్లాన్ అని విడివిడిగా పేర్లతో అడగండి. వచ్చిన ప్రతి షీటు మూలన ఉండే పెట్టెలో డ్రాయింగు నంబరు, తేదీ, సవరణల పట్టిక చూసి రాసుకోండి. సవరణ తేదీ మీరు ఎంచుకున్న తేదీ కంటే తర్వాతిదైతే, ఆ మార్పు మీ పడవకు వర్తించకపోవచ్చు.

నిలిచి ఉన్న పడవలూ పనికొస్తాయి, జాగ్రత్తగా వాడితే. మసాచుసెట్స్ రాష్ట్రం ఫాల్ రివర్‌లోని బ్యాటిల్‌షిప్ కోవ్‌లో ఉన్న పీటీ-617 80 అడుగుల ఎల్కో. దాని నుంచి కట్టడం, కిటికీలు, హ్యాచ్‌ల కొలతలు తీసుకోవచ్చు. కానీ అది 1945 పడవ, దాని ఆయుధాల అమరిక 109కి పనికిరాదు. అక్కడే ఉన్న పీటీ-796, పోర్ట్‌లాండ్‌లోని పీటీ-658, న్యూ ఆర్లీన్స్‌లోని పీటీ-305 హిగ్గిన్స్ పడవలు. వాటి ఫొటోలను ఎల్కోకి ఆధారంగా తీసుకోవద్దు.

డెక్ సామగ్రికి తేదీ ఉన్న ఫొటోలే దిక్కు. నేవల్ హిస్టరీ అండ్ హెరిటేజ్ కమాండ్ సేకరణలో పీటీ-109ని 1942 ఆగస్టులో జోసెఫ్ స్టాంటన్ అనే లిబర్టీ ఓడ (యుద్ధకాలపు సరుకు ఓడ) మీదికి ఎక్కించినప్పటి ఫొటో ఉంది. అది పడవ తొలి రూపం. ఫొటో మీద స్కేలు పెట్టి నేరుగా కొలవకండి. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దగా పడుతుంది. పక్క నుంచి, దూరం నుంచి తీసిన ఫొటోలో ఒకే వరుసలో ఉన్న రెండు పొడవుల నిష్పత్తి తీసి ప్లానుతో పోల్చండి.

అమ్మకానికి దొరికే రేడియో కంట్రోల్ ప్లాన్లలో పడవ సులువుగా నడవడానికి, ప్లైవుడ్ సులువుగా వంగడానికి ఆకారాన్ని మార్చినవి ఉంటాయి. తేల్చుకోవడానికి వెనక భాగం చూడండి: అసలు పడవకు మూడు ప్యాకర్డ్ ఇంజిన్లు, మూడు ప్రొపెల్లర్లు, మూడు చుక్కానులు. ప్లానులో ఒకటో రెండో ఉంటే మిగతా చోట్ల కూడా సర్దుబాట్లు జరిగి ఉంటాయని అనుకోండి. కొనే ముందు ఏ డ్రాయింగు నంబరు ఆధారంగా గీశారో అడగండి.

ప్లాను చేతికొచ్చాక, కోత మొదలుపెట్టే ముందు, ఈ పరీక్షలు చేయండి.

1:24లో పొడవు 1016 మి.మీ., వెడల్పు (20 అడుగుల 8 అంగుళాలు) 262 మి.మీ. చుట్టూ రావాలి. పొడవు సరిపోయి వెడల్పు సరిపోకపోతే స్కానింగులో ఒక దిక్కు సాగిందని అర్థం.

ఏదైనా ఒక స్టేషన్ (ఒడలిని అడ్డంగా కోసినట్టు గుర్తించిన చోటు) తీసుకుని, చైన్ (అడుగు, పక్క కలిసే అంచు) ఎత్తును ప్రొఫైల్‌లోనూ బాడీ ప్లాన్‌లోనూ (ఆ అడ్డకోతలన్నీ చూపే గీత) కొలవండి. దాని అర వెడల్పును బాడీ ప్లాన్‌లోనూ పై నుంచి చూసే ప్లాన్‌లోనూ కొలవండి. అర మిల్లీమీటరు మించి తేడా వస్తే ఆఫ్‌సెట్ల పట్టికనే నమ్మి గీత మళ్లీ గీయండి. పట్టికలో 5-3-4 అంటే 5 అడుగులు, 3 అంగుళాలు, అంగుళంలో ఎనిమిదో వంతులు 4. అంటే 63.5 అంగుళాలు, 1612.9 మి.మీ., 1:24లో 67.2 మి.మీ. పక్కన ప్లస్ గుర్తు ఉంటే అంగుళంలో పదహారో వంతు కలపాలి.

ఎక్కువమంది వదిలేసేది ఇంకొకటుంది. గీతలు పలకల బయటి అంచుకా, లోపలి అంచుకా? ఎల్కో ఒడలు అంగుళం మందం మహాగని పలకలు రెండు వరసలు, మధ్యలో జిగురు పట్టించిన గుడ్డ. ఆ రెండంగుళాలు 1:24లో 2.1 మి.మీ., రెండు పక్కలా కలిపి 4.2. ఈ సంగతి షీటు మీద నోట్సులో రాసి ఉంటుంది. బయటి అంచుకైతే, మీరు వేసే ప్లైవుడ్ మందాన్ని ప్రతి ఫ్రేము చుట్టూ లోపలికి తగ్గించి కోయాలి. డెక్ మందం కూడా తగ్గించండి, లేకపోతే టర్రెట్లు, గొట్టాలు అన్నీ ఆ మేరకు పైకి లేస్తాయి.

ప్రింటు ఆర్కిటెక్టుల డ్రాయింగులు తీసే ప్లాటర్ షాపులో తీయించండి. "ఫిట్ టు పేజ్" తీసేసి నూరు శాతం పెట్టమని చెప్పండి. ఫైలులో ఒక మూల 100 మి.మీ. చతురస్రం ముందే గీసి ఉంచి, ప్రింటు రాగానే నిలువూ అడ్డమూ రెండూ కొలవండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో మామూలు కాగితం రోజుల్లోనే సాగుతుంది, అదీ ఒక దిక్కు ఎక్కువ, ఇంకో దిక్కు తక్కువ. పాలిస్టర్ డ్రాఫ్టింగ్ ఫిల్మ్ మీద తీయిస్తే ఆ బెడద ఉండదు. కాగితం ప్రింటునే ప్లైవుడ్‌కి అతికించాల్సి వస్తే నీళ్లు కలిసిన తెల్ల జిగురు వాడకండి, కాగితం తడిసి వెడల్పవుతుంది. స్ప్రే జిగురు గానీ రెండు వైపులా అంటుకునే టేపు గానీ వాడి, ఒకే షీటు నుంచి అన్ని ఫ్రేములూ కోయండి.