పాత ఫార్మాల్ ఎమ్ ట్రాక్టరును బరువు లాగే పోటీకి సిద్ధం చేసే విధానం

ఒంగోలు గిత్తల బండలాగుడు చూస్తూ పెరిగిన వారికి అమెరికాలో ఒహాయో, ఇల్లినాయ్, అయోవా వంటి వ్యవసాయ రాష్ట్రాల కౌంటీ ఫెయిర్‌లలో (జిల్లా స్థాయి వ్యవసాయ సంతల్లో) జరిగే పాత ట్రాక్టర్ల పోటీ అంత కొత్తగా అనిపించదు. అక్కడ ఎద్దుల జతకు బదులు డెబ్బై, ఎనభై ఏళ్ల నాటి ట్రాక్టరు, బండకు బదులు స్లెడ్ అనే బరువుల బండి ఉంటాయి. బండ బరువు మొదటి నుంచి చివరి వరకు ఒకటే. స్లెడ్ అలా కాదు. అది కదిలిన కొద్దీ దాని మీది బరువుల పెట్టె వెనుక చక్రాల వైపు నుంచి ముందుకు జరుగుతూ, నేలను ఒరుసుకునే ఇనుప పలక మీదికి భారాన్ని నెడుతుంది. అందువల్ల మొదటి యాభై అడుగులు అలవోకగా లాగిన ట్రాక్టరు కూడా రెండు వందలు దాటేసరికి ఆయాసపడుతుంది. సాధారణంగా 300 అడుగులు లాగితే పూర్తి లాగుడు కింద లెక్క.

ఈ పనికి మొదటిసారి దిగేవారికి నేను చెప్పేది ఫార్మాల్ ఎమ్. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1939 నుంచి 1952 వరకు దీనిని లక్షల్లో తయారు చేసింది కనుక విడిభాగాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 3.875 అంగుళాలు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 5.25 అంగుళాలు, మొత్తం ఘనపరిమాణం దాదాపు 248 ఘనపుటంగుళాలు. నిమిషానికి 1,450 చుట్లకే పూర్తి శక్తితో పనిచేసే ఈ పొడవు స్ట్రోకు ఇంజను భారం పడినప్పుడు వెంటనే ఆగిపోకుండా నిలదొక్కుకుని లాగుతుంది.

ట్రాక్టరు కొనకముందే మీరు పాల్గొనదలచిన క్లబ్బు నిబంధనలు తెచ్చుకుని చదవాలి. తయారైన సంవత్సరం, డ్రైవరుతో కలిపి బరువు తరగతి, వేగ పరిమితి, టైర్ల కొలత, హిచ్ (స్లెడ్ గొలుసును ట్రాక్టరు వెనుక తగిలించే చోటు) ఎత్తు క్లబ్బును బట్టి మారుతుంటాయి. చాలాచోట్ల హిచ్ నేల నుంచి 20 అంగుళాలు మించకూడదు.

కొనేటప్పుడు అందరి చూపూ ఇంజను మీదికే పోతుంది. నేను ముందుగా వెనుక రిమ్ముల దగ్గర కూర్చుంటాను. టైర్లకు బరువు కోసం, చలికాలంలో గడ్డకట్టకుండా ఉండడం కోసం రైతులు కాల్షియం క్లోరైడ్ కలిపిన నీరు నింపేవారు. ట్యూబు ఎక్కడైనా కారితే ఆ ఉప్పునీరు రిమ్మును లోపలి నుంచి తినేస్తుంది. నేను కొన్న మొదటి ట్రాక్టరుకు కొత్తగా రంగు వేసి ఉంది. ఇంటికి తెచ్చాక వాల్వు రంధ్రం పక్కన స్క్రూడ్రైవరుతో గీరి చూస్తే రంగు పొర కింద తుప్పు పెచ్చులుగా రాలి, మొన నేరుగా లోపలికి దిగిపోయింది. ఇంజను బాగు చేయడానికి దాచుకున్న డబ్బు రిమ్ములకే సరిపోయింది.

పనిని నేల నుంచి పైకి చేసుకుంటూ రావాలి: రిమ్ములు, టైర్లు, వెనుక ఇరుసు, బ్రేకులు, క్లచ్, ఆ తరువాతే ఇంజను. ఎమ్‌లో ఎడమ, కుడి చక్రాలకు బ్రేకులు వేర్వేరుగా ఉంటాయి. లాగుడులో ముందు చక్రాలు తేలిపోయినప్పుడు స్టీరింగు పనిచేయదు; బండిని గీతలో ఉంచేది ఆ బ్రేకులే. అవి సమంగా పట్టేవరకు మైదానంలోకి దిగవద్దు.

ఇంజను విప్పే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, కొలవండి. ఏదైనా సిలిండరులో తక్కువగా ఉంటే కొద్దిగా నూనె పోసి మళ్లీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే ఎక్కువగా వాల్వులది. క్లబ్బు అనుమతిస్తే తరువాత వచ్చిన సూపర్ ఎమ్‌లో వలె 4 అంగుళాల పిస్టన్లు, స్లీవులు (పిస్టన్లు కదిలే గొట్టాలు) వేయించుకోవచ్చు. ఘనపరిమాణం 264కు పెరుగుతుంది. అంతకు మించి ఆశపడడం నాకు ఇష్టం లేదు. పాత యంత్రాన్ని దాని స్వభావం చెడకుండా పోటీకి నిలబెట్టడంలోనే ఈ తరగతి అందం ఉంది.

గెలుపోటములను అసలు నిర్ణయించేది బరువుల పంపకం. హిచ్ వద్ద లాగే బలాన్ని హిచ్ ఎత్తుతో గుణించి, ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరంతో భాగిస్తే, ముందు చక్రాల మీది నుంచి వెనుకకు ఎంత బరువు మారుతుందో తెలుస్తుంది. ఉదాహరణకు బలం 4,500 పౌన్లు, ఎత్తు 20 అంగుళాలు, ఇరుసుల దూరం 90 అంగుళాలు అనుకుంటే 1,000 పౌన్లు వెనుకకు మారతాయి. గొలుసు కిందికి ఏటవాలుగా లాగుతుంది కనుక వాస్తవంలో ఇంకాస్త ఎక్కువే. కాబట్టి డ్రైవరు కూర్చుని ఉండగా ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి తూచండి. అక్కడ 1,000 కన్నా బాగా తక్కువ ఉంటే ముందు భాగం లేచిపోతుంది. మరీ ఎక్కువగా ఉంటే వెనుక టైర్లకు చెందాల్సిన పట్టు ముందు వృథా అవుతుంది. బరువు దిమ్మలను బోల్టులతో గట్టిగా బిగించాలి.

టైరులో గాలి తగ్గిస్తే నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి, ట్యూబు వాల్వును తెంచేస్తుంది. టైరు మీదుగా రిమ్ము వరకు సుద్దతో ఒక గీత గీయండి. లాగిన తరువాత ఆ గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే మరికొంత గాలి పట్టాలి.

గొలుసును ఎన్నడూ వెనుక ఇరుసు కన్నా పైన కట్టకూడదు. అలా కడితే ట్రాక్టరు క్షణాల్లో వెనక్కి తిరగబడి డ్రైవరును నలిపేస్తుంది. వెనుక పల్టీ నిరోధక కమ్ములు, తాడు లాగగానే ఇంజనును ఆపే స్విచ్చు, క్లబ్బు అడిగినా అడగకపోయినా పెట్టించండి.

మైదానంలో గొలుసు బిగిసేవరకు మెల్లగా కదిలి, క్లచ్ పూర్తిగా వదిలాకే థ్రాటిల్ తెరవాలి. మధ్యలో గేరు మార్చే వీలుండదు కనుక ముందే సరైనది ఎంచుకోవాలి. ట్రాక్టరు ఆగాక దిగి, వచ్చిన దారి వెంట నడిచి జాడలు చూడండి. ముందు చక్రాల గీత చివరిదాకా లోతుగా ఉండి వెనుక టైర్లు గుంటలు తవ్వి ఉంటే ఒక దిమ్మను వెనక్కి మార్చాలి. ముందు గీత మధ్యలోనే మాయమైతే ఒక దిమ్మను ముందుకు జరపాలి. గుంటలు లేకుండానే ఇంజను ఆగిపోయి ఉంటే, మరుసటి సారికి ఒక గేరు తగ్గించండి.