పాత్ర చేసిన తప్పా, రాసినవాళ్ల తప్పా? తేల్చుకోవడం ఎలా

మనకు ఇష్టమైన పాత్ర ఏదైనా తిక్క పని చేస్తే నోట్లోంచి వచ్చే మాటలు రెండే: "వీడికి బుద్ధుందా?" లేదా "రైటర్లు చెడగొట్టారు". ఈ రెండూ ఒకటి కావు. పాత్ర తప్పు చేస్తే కథకు బలం వస్తుంది, అదే పాత్ర ఎప్పటికీ చేయని పనిని బలవంతంగా చేయిస్తే కథ దెబ్బతింటుంది. రెండింటినీ కలిపి తిట్టేయడం వల్ల చాలా మంచి సీన్లకు అన్యాయం జరుగుతోంది, నా బాధంతా అదే. కాబట్టి నేను ఎలా తేల్చుకుంటానో చెప్తాను. ఉదాహరణలన్నీ గేమ్ ఆఫ్ థ్రోన్స్ నుంచే. 2011 నుంచి 2019 వరకు వచ్చిన ఆ 73 ఎపిసోడ్లు పూర్తిగా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, చివరి సీజన్ దాకా అన్నీ బయటపెట్టేస్తాను.

ముందుగా మీకు తెలిసినదంతా పక్కన పెట్టి, ఆ క్షణానికి ఆ పాత్రకు ఏం తెలుసో చూడండి. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో నెడ్ స్టార్క్ స్వయంగా వెళ్లి రాజు రాబర్ట్ భార్య సెర్సీతో "నీ పిల్లల తండ్రి ఎవరో నాకు తెలిసింది, రాజు వేట నుంచి రాగానే చెప్పేస్తాను, ఈలోగా పిల్లల్ని తీసుకుని పారిపో" అన్నట్టు చెప్తాడు. చూస్తున్న మనకు తల బాదుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే సెర్సీ గదిలో ఏం జరుగుతుందో మనం చూశాం, ఆయన చూడలేదు. ఆయనకు తెలిసింది రాబర్ట్ కోపం. కేవలం రెండు ఎపిసోడ్ల ముందు, సముద్రం అవతల గర్భంతో ఉన్న డెనేరిస్‌ని చంపించమని రాబర్ట్ అంటే నెడ్ తన పదవినే వదిలేసి వచ్చాడు. అలాంటి మనిషి ముగ్గురు పిల్లల్ని చావుకు వదిలేస్తాడా? ఆ సీన్‌లో నెడ్ తెలివితక్కువగా ప్రవర్తించలేదు, తన స్వభావానికి తగ్గట్టే నడుచుకున్నాడు, దానికి మూల్యం కూడా చెల్లించాడు. ఇది పాత్ర తప్పు, రాసినవాళ్లు మాత్రం నూటికి నూరు పాళ్లు కరెక్ట్.

ఇదే పరీక్ష ఏడో సీజన్‌లో టిరియన్‌కి పెట్టి చూడండి. ఉత్తరాన ఉన్న మంచు గోడ అవతలికి వెళ్లి ఒక శవసైనికుణ్ణి పట్టుకొచ్చి చూపిస్తే సెర్సీ నమ్మి యుద్ధం ఆపుతుందని సలహా ఇచ్చింది ఆయనే. సెర్సీ మాట మీద నిలబడే మనిషి కాదని ఆ లోకంలో అందరికంటే బాగా తెలిసింది ఎవరికి? పుట్టినప్పటి నుంచి ఆమె ద్వేషాన్ని భరించిన ఈ తమ్ముడికే. ఆ ప్లాన్ వల్ల ఒక డ్రాగన్ శత్రువుల చేతికి పోయింది, గోడ కూలింది, ఆమె ఇచ్చిన మాట అబద్ధమని తేలింది. నాకైతే ఇక్కడ టిరియన్ కనిపించడు, గోడ కూలాలంటే డ్రాగన్ కావాలి కాబట్టి వేసిన దారి మాత్రమే కనిపిస్తుంది.

రాబ్ స్టార్క్ విషయంలో పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. ఫ్రే కుటుంబానికి ఇచ్చిన పెళ్లి మాట తప్పాడు, దాని ఫలితం మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో వచ్చింది. ఎంత ఘోరంగా ఉన్నా లెక్క సరిపోయింది.

రెండో పని కాస్త ఓపికతో చేయాలి. ఆ పాత్రకు ఇలాంటి పరిస్థితే ఇంతకుముందు ఎప్పుడు ఎదురైందో వెతికి, ఆ సీన్ మళ్లీ చూడండి. చివరి సీజన్లో డెనేరిస్ రాజధాని కింగ్స్ ల్యాండింగ్‌ని కాల్చడం గురించి గొడవపడేవాళ్లలో ఒక వర్గం మీరీన్‌లో శిలువ వేయించిన యజమానుల్ని, తనకు మోకరిల్లనందుకు మంటల్లో పోయిన టార్లీ తండ్రీకొడుకుల్ని గుర్తు చేస్తుంది. నిజమే, ఆమెలో క్రూరత్వం మొదటి నుంచీ ఉంది. కానీ వాళ్లంతా ఆమెకు ఎదురు తిరిగినవాళ్లో, ఆమె దృష్టిలో నేరస్థులో. అసలు చూడాల్సిన సీన్ నాలుగో సీజన్ చివర్లో ఉంది. ఒక తండ్రి గుడ్డలో మూటకట్టి తెచ్చిన కాలిన ఎముకల్ని ఆమె ముందు పెడతాడు, మూడేళ్ల పాప, కాల్చింది ఆమె డ్రాగన్ డ్రోగన్. డ్రోగన్ దొరకడు. దాంతో ఆమె మిగతా రెండు డ్రాగన్లనూ నేలమాళిగలోకి తీసుకెళ్లి తన చేత్తోనే మెడలకు గొలుసులు వేసి, అవి వెనక అరుస్తుంటే ఏడుస్తూ బయటికి వస్తుంది. అంటే "అమాయకులు కాలితే ఏం చేస్తావు?" అనే ప్రశ్నకు ఆమె అప్పటికే ఒకసారి జవాబు చెప్పింది. ఆ జవాబు ఎలా మారిందో చూపించాలి కదా?

మూడోది, ఆ మార్పుకు కథ ఎంత సమయం ఇచ్చిందో లెక్కేయండి. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు, ఏడోదానికి 7, ఎనిమిదోదానికి 6. డెనేరిస్‌కి అండగా ఉన్న జోరా, ఆమె డ్రాగన్ రేగల్, స్నేహితురాలు మిస్సాండే, ముగ్గురూ ఆ చివరి సీజన్లో మూడో, నాలుగో ఎపిసోడ్లలోనే పోతారు, ఐదో ఎపిసోడ్‌లో ఊరు లొంగిపోయిందని గంటలు మోగుతాయి. ఆమె డ్రోగన్ మీద కూర్చుని కోట వైపు చూస్తున్నప్పుడు ఎమిలియా క్లార్క్ ముఖంలో కోపం, దుఃఖం, ఒంటరితనం అన్నీ కనిపిస్తాయి. ఆ తర్వాత కెమెరా కింద వీధుల్లోనే ఉండిపోతుంది, ఆమె ముఖం మనకు చూపించరు. ఆమె ఎందుకు మారిందో అర్థం కావాల్సిన సమయంలో ఆమెనే దాచేశారు. నా తీర్పు: కారణాలు ఉన్నాయి, వాటికి కావాల్సిన సమయం, చోటు ఇవ్వలేదు.

ఇంకొక మాట, ఒకే పాత్రకు ఒకే సమయంలో రెండు తీర్పులు రావచ్చు, మొత్తానికి ఒకే మార్కు వేయాలనే తొందర వద్దు. చివర్లో జేమీ తనని ప్రేమించిన బ్రియెన్‌ని ఏడిపించి, తన అక్కా ప్రియురాలూ అయిన సెర్సీ దగ్గరికి వెళ్లిపోవడం చాలామందికి నచ్చలేదు, నాకూ గుండె కలుక్కుమంది, కానీ అది అబద్ధం అనిపించలేదు. మొదటి ఎపిసోడ్‌లో ఆమె కోసమే ఒక పిల్లాణ్ణి కిటికీలోంచి తోసేసినవాడు అతను. వ్యసనంలోంచి బయటపడ్డాడనుకున్న మనిషి మళ్లీ అందులోకే జారడం లోకంలో జరిగేదే. నేను ఒప్పుకోలేనిది, ఊళ్లోని అమాయకుల గురించి టిరియన్ అడిగితే వాళ్ల గురించి నేనెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదని జేమీ అనడం. మూడో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో, చెయ్యి తెగి, వేడి నీళ్ల తొట్టిలో వణుకుతూ అతను బ్రియెన్‌తో చెప్పింది ఏంటి? పిచ్చిరాజు ఊరంతా తగలబెట్టమంటే, ఆ జనం కాలిపోకూడదనే రాజును చంపానని, ఆ నింద అన్నేళ్లూ మోశానని. ఆ మాట అన్న నోటితో ఈ మాట రాదు. కాబట్టి అతని ప్రయాణాన్ని జేమీ ఖాతాలో వేస్తాను, ఆ ఒక్క డైలాగ్‌ని మాత్రం రాసినవాళ్ల ఖాతాలో.